లేతమనసులు - స్థానివద్భావవిచారము

ఒక కృతి స్థానమున మఱియొక కృతి వచ్చి నిలుచుట సాహిత్యమునఁ గ్రొత్త విషయము కాదు. ఇతిహాసము నాటకమగును, నాటకము ప్రబంధమగును, ప్రబంధము యక్షగానమై వీథి కెక్కును. ఇరువదవ శతాబ్దమున నీ పరంపరకుఁ జలనచిత్రమును జేరినది. ఇట్టి మార్పును వ్యాకరణజ్ఞులు తేలికగా గుర్తింపఁగలరు. ఒకదానిని దొలఁగించి దాని చోటఁ బ్రవర్తించునది ఆదేశము, తొలఁగినది స్థాని. ఉన్నదానికిఁ దోడుగా వచ్చి చేరునది ఆగమము. ఆగమము మిత్రునివలె వచ్చుననియు, ఆదేశము శత్రువువలె వచ్చుననియుఁ బండితులు శిష్యులకుఁ జెప్పుచుందురు. చలనచిత్రము గ్రంథమునకు శత్రువను నాక్షేపము తఱచుగా వినఁబడుటకు హేతు విదియే. చిత్రమును జూచినవాఁడు గ్రంథమును జదువఁడు. నటుని ముఖమే పాత్రకు ముఖమై నిలిచిపోవును.

అయినను బాణిని యీ శత్రువునకు నొక ధర్మమును విధించినాఁడు. స్థానిని ఆశ్రయించిన కార్యములు ఆదేశమునకును సంక్రమించును. స్థానియొక్క వర్ణముల నాశ్రయించిన విధి మాత్రము సంక్రమింపదు. దీనికే స్థానివద్భావమని పేరు. దీనిని దెలుపుటకు మహాభాష్యకారుఁడు లోకము నుండియే దృష్టాంతముల నిచ్చినాఁడు. ఉపాధ్యాయునికి బదులుగా శిష్యుఁడు యజమాని యింటికిఁ బోయినచో అగ్రాసనాదులు శిష్యునకే లభించును. గురుపుత్రునియెడ గురువునందువలెనే వర్తింపవలెను. కాని కొన్ని యుపచారములు గురువునకే చెల్లును, పుత్రునకుఁ జెల్లవు.

గ్రంథమును జిత్రముగా మార్చినప్పుడు రెండు తెగల విమర్శకులు బయలుదేఱుదురు. మూలములోని ప్రతి సన్నివేశమును, ప్రతి వాక్యమును చిత్రమున వెదకువారు మొదటి తెగ. వీరు వర్ణవిధిని ఆదేశమున కంటఁగట్టువారు. చిత్రము వేఱొక కళ కావున మూలముతో దానికిఁ బని లేదనువారు రెండవ తెగ. వీరు స్థానివద్భావమునే కాదనువారు. ఈ రెండును శాస్త్రదూరములే. చిత్రమును అక్షరముల విషయమున నడుగరాదు. కార్యముల విషయమున నడిగి తీరవలెను. మూలకృతి యే పని చేయుటకుఁ బుట్టినదో ఆ పనిని దాని చోట నిలిచిన కృతి చేయుచున్నదా యనునదే ప్రశ్న.

ఇది కేవలము శాస్త్రవినోదము కాదు. వికారాబాదు జిల్లా బొంరాస్‌పేటవంటి యూళ్ల బడులలో తెలుఁగు చెప్పు పండితుఁడు తరగతిలోఁ గథ చెప్పఁ బూనినప్పుడు, పిల్లలు చూచిన చిత్రమునే చెప్పవలెనా, వారు చూడని గ్రంథమును జెప్పవలెనా, రెండును నొక్కటియేనా యను సందేహము వచ్చును. దీనిని దీర్చుటకుఁ దెలుఁగునఁ దగిన యుదాహరణము 1966లో వెలువడిన లేతమనసులు అను చిత్రము.

ఈ చిత్రము మదరాసులోని ఏ.వి.ఎం. సంస్థవారిది. కృష్ణన్, పంజు అను జంట దర్శకులు దీనిని నడపిరి. హరనాథ్, జమున దంపతులుగాను, కుట్టి పద్మిని యను బాలిక కవలపిల్లల యిరువురి పాత్రలందును నటించిరి. సంగీతము ఎం.ఎస్. విశ్వనాథన్ కూర్చెను. దీనికి ముందు 1965లో ఆ సంస్థయే, ఆ దర్శకులే కుళందైయుం దైవముం అను పేరఁ దమిళమున నీ కథను దీసిరి; 1968లో దో కలియాఁ అను పేర హిందీలోనికిఁ గొనిపోయిరి. తమిళచిత్రమునకుఁ బ్రేరకము 1961లో అమెరికాలో డిస్నీ సంస్థ నిర్మింపఁగా డేవిడ్ స్విఫ్ట్ దర్శకత్వము వహించిన ది పేరెంట్ ట్రాప్. దానికి మూలము 1949లో జర్మను భాషలో ఎరిక్ కెస్ట్నర్ ప్రకటించిన బాలల నవల. ఇట్లు తెలుఁగు చిత్రము ఆదేశమునకు ఆదేశము, దానికి మరల నాదేశము. చిత్రమును మెచ్చినవారిలో నీ మూలపురుషుని పేరు విన్నవారు మిక్కిలి యరుదు.

కెస్ట్నర్ 1899లో డ్రెస్డెను నగరమునఁ బుట్టి 1974లో మ్యూనికు నగరమున మరణించెను. 1929లో వెలువడిన ఎమీలు కథతోనే బాలసాహిత్యమున నతనికిఁ బేరు వచ్చినది. 1933 మే 10వ తేదీని బెర్లినులో నాజీలు గ్రంథములను దహించినప్పుడు అతని పుస్తకములును మంటలఁ బడినవి. గుంపులో నిలిచి యతఁడు దానిని స్వయముగాఁ జూచెను. వ్రాయరాదను నిషేధము సడలిన స్వల్పకాలమున, 1942లో, ఈ కవలల కథను మొదట చలనచిత్రమునకై యూహించి, దర్శకుఁడు యోసెఫ్ ఫాన్ బాకికిఁ జెప్పెను. మరల నిషేధము వచ్చుటచే నది యాఁగిపోయెను. యుద్ధానంతరము దానినే నవలగా వ్రాసెను. మఱుసటి యేఁడు 1950లో బాకి దర్శకత్వముననే యది చిత్రమయ్యెను. కెస్ట్నరే కథనము వ్రాసి, వ్యాఖ్యాతగాఁ దన కంఠమును నిచ్చెను. కావున స్థాని యని చెప్పఁబడు గ్రంథమే యొకప్పుడు తెరకెక్కని చిత్రమునకు ఆదేశము. చలనచిత్ర మీ గ్రంథమునకు జన్మశత్రువను మాట యిచ్చట నిలువదు.

నవలకు జర్మనులోని పేరు రెట్టించిన చిన్ని లోట్టె యను నర్థమిచ్చును. ఆ పేరి తుదనున్న ప్రత్యయము సంస్కృతమున బాలకశబ్దములోని కప్రత్యయమువలె అల్పత్వమును, ముద్దును దెలుపును. కథ సరళమైనది. వేసవిసెలవులలో నొక సరస్సు చెంతనున్న బాలికల విడిదిలో వియన్నానుండి లుయీజె యను పిల్లయు, మ్యూనికునుండి లోట్టె యను పిల్లయుఁ గలిసికొందురు. ఇరువురకును దొమ్మిదేండ్లు, ఇరువురిదియు నొకే ముఖము. తాము కవలలమనియు, విడాకులు పొందిన తల్లిదండ్రులు తమ్ముఁ జెఱియొకరిని బంచుకొనిరనియు వారు కనుఁగొందురు. లోట్టె లుయీజెయై తండ్రి యింటికిని, లుయీజె లోట్టెయై తల్లి యింటికినిఁ బోవుదురు. గ్రంథవస్తువే స్థానివద్భావము! లోట్టె వంటిల్లు దిద్దఁగలదు, లెక్కలు వ్రాయఁగలదు; అందుచే వియన్నాలో లెక్క తప్పించు పనికత్తె దారికి వచ్చును. లుయీజెకు వంట రాదు. మ్యూనికులో నామె చేసిన వంట చెడును. పిల్లలు గుణములను మార్చుకొనలేదు, స్థానములను మాత్రమే మార్చుకొనిరి. ఆ భేదమును మనుష్యులు గుర్తింపరు. వైద్యుని కుక్క మాత్రము గుర్తించును.

వ్యాకరణపరుల కింపైన విశేష మింకొకటి కలదు. తల్లి పేరు లుయీజెలోట్టె. ఆ సమాసమును విడఁదీసి తల్లిదండ్రులు పిల్లలకుఁ జెఱియొక ముక్కను బెట్టిరి. పిదపఁ బిల్లలనే విడఁదీసిరి. విగ్రహమను పదమునకు సమాసమును విడఁదీయుట యనియుఁ, గలహ మనియు రెండర్థములు కలవు. ఈ కథలో రెండర్థములు నొక్కచోటఁ గలసినవి.

దంపతుల కలహమునకుఁ గారణ మేమి? తండ్రి సంగీతకర్త, పిల్లల యేడుపులలో రచన సాగక, పియానోను వేఱొక యింటికిఁ జేర్చుకొనెను. తల్లి వయసునఁ జిన్నది. మనసు నొచ్చి, తొందరపడి విడాకులు కోరెను. ఇరువురును జెడ్డవారు కారు. ఇరువురును దప్పు చేసిరి. గ్రంథకర్త యీ తప్పును బిల్లలయెదుట దాఁపలేదు. విడాకుల విషయము బాలల పుస్తకమునకుఁ దగదనఁబోవు పెద్దలకు నడుమ నాఁగి సమాధానము చెప్పినాఁడు: తల్లిదండ్రులు విడిపోవుటచే బాధపడు పిల్లలు లోకమున ననేకులు, విడిపోకుండుటచే బాధపడువారును ననేకులు, పిల్లలు అనుభవించుచున్నదానిని వారితో మాటాడరాదనుట తగదని యతని భావము. తుదకు దంపతులు మరల వివాహమాడుదురు. అప్పుడు తండ్రి తన పనిగదిని ఇంటి ప్రక్కనే యున్న చిత్రకారుని వాసములోనికి మార్చుకొనును. ఏ గది కలహమునకు మూలమో ఆ గదియే దగ్గఱకు వచ్చినది. దోషము లోపలిది, చికిత్సయు లోపలిదే.

ఈ కృతియొక్క కార్య మిప్పుడు స్పష్టము. శాస్త్రగ్రంథమునకు అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అని నాలుగనుబంధములు చెప్పుదురు. ఇచ్చట అధికారి తొమ్మిదేండ్ల పాఠకుఁడు. విషయము తల్లిదండ్రుల నిర్ణయము. ఆ నిర్ణయమును గూర్చి యడుగు హక్కు పిల్లలకుఁ గలదని యెఱుకపఱచుట ప్రయోజనము.

తెలుఁగు చిత్ర మేమి మార్చినది? కలహకారణమును మార్చినది. ఇచ్చట సంగీతకర్తయు లేఁడు, పనిగదియు లేదు. ధనగర్వము గల యత్తగారు అల్లుని ఇల్లరిక ముంచఁగోరును. అభిమానము గల యల్లుఁడు అవమానము సహింపక వెడలిపోవును. కవలలలో నొకతె తండ్రియొద్దను, ఒకతె తల్లితోఁ గూడ అమ్మమ్మ యింటను బెరుగుదురు. తరువాతఁ బిల్లలు కలిసికొనుట, స్థానములు మార్చుకొనుట, పెద్దలను గలుపుట మూలానుసారముగానే జరుగును.

ఈ మార్పు తప్పా? తప్పనువారు తొందరపడినట్లే. ఉన్న కథలో రసమునకు విరుద్ధమైనది కలదేని కవి దానిని విడిచి వేఱు కల్పించుకొనవచ్చునని తొమ్మిదవ శతాబ్దముననే ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున ననుజ్ఞ యిచ్చెను. ఉత్తరరామచరితమున భవభూతి సీతారాములను గలిపెను, వాల్మీకి కలుపలేదు. వియన్నా సంగీతశాలలోని కలహము తెలుఁగు ప్రేక్షకునకు బరదేశపు వింతగా నుండెడిది. ఇల్లరిక మట్లు కాదు. ఇల్లరికపుటల్లుని దైన్యము తెలుఁగు లోకోక్తులలోను, స్త్రీల పాటలలోను నానినది. ఆ మాట చెవిఁబడఁగానే సభలోని ప్రతివానికిని ఇంటి సంగతి జ్ఞప్తికి వచ్చును. కారణమును దేశీయముచేయుట యాదేశమునకు హక్కే. వర్ణములు మాఱుట యనఁగా నిదియే.

అభినయమును గూర్చియు న్యాయము చెప్పవలెను. 1950 నాఁటి జర్మను చిత్రమున నిజమైన కవలలు నటించిరి. అమెరికా చిత్రమున హేలీ మిల్స్ యొక్కతెయే రెండు పాత్రలు ధరించినది. కవలలు నటించినచో భేదము ప్రకృతిసిద్ధము. ఒక్కతెయే నటించినచో సామ్యము సిద్ధము, భేదము సాధ్యము. దానిని నడకచేతను, చూపుచేతను, మాటచేతను సాధింపవలెను. అంతకు రెండేండ్లకు ముందు, 1964లో, తాపీ చాణక్య దర్శకత్వమున రాముఁడు-భీముఁడు చిత్రములో నందమూరి తారకరామారావు పిఱికివాఁడుగాను, ధీరుఁడుగాను ద్విపాత్రాభినయము చేసి మెప్పించియుండెను. ప్రౌఢనటుఁడు చేసిన యా పనిని లేతమనసులలో నొక పసిపిల్ల చేసినది. అంతేకాదు, ఒకతె మఱియొకతెగా నటించునప్పుడు నటనములో నటనము చేయవలెను. ఈ బాలిక దానిని నిర్వహించినది. కథ తెలిసినవారును ఎవరెవరో యని యొక క్షణము తడఁబడుట యామె లోపము కాదు, గుణమే.

ఇంతవఱకును ఆదేశము స్థానివంటిదే. ఇఁక తప్పినచోటు చెప్పవలెను. కలహకారణమును మార్చుటలో చిత్రము దాని వేషమును మాత్రమే మార్చలేదు; దాని చోటును మార్చినది. నవలలో దోషము దంపతులయందుఁ గలదు. చిత్రమున నది వారిని దాఁటి మూఁడవ మనిషియందుఁ జేరినది. భార్యకుఁ దల్లిమాట దాఁటలేని దౌర్బల్యమును, భర్తకు దిగిరాని యభిమానమును జిత్రమునఁ గలవు. కాని యవి అత్తగారి గర్వమునకు నీడలుగానే మిగిలినవి. తల్లియుఁ దండ్రియు బాధితులైరి. ఇరువురు బిడ్డలను వస్తువులవలెఁ బంచుకొన్నవా రెవరను ప్రశ్నయే లేవదు. అమ్మమ్మ గర్వ మణఁగిన చాలును, సంసారము చక్కఁబడును. దోషము వెలుపలిది కావునఁ జికిత్సయు వెలుపలిదే. ఇది వర్ణలోపము కాదు, కార్యలోపము.

ఇచ్చటఁ బూర్వపక్షము బలమైనది కలదు. మహాభారతమున దుష్యంతుఁడు శకుంతల నెఱిఁగియే యెఱుఁగనని పలికెను. నన్నయయు నట్లే చెప్పెను. కాళిదాసు దుర్వాసుని శాపమును గల్పించి యా దోషమును రాజుమీఁదినుండి తొలఁగించెను. మూఁడవ మనిషి కోపము దంపతుల నెడఁబాపినది. ఒక బాలుఁడు వారిని గలుపుటకు నిమిత్తమయ్యెను. కాళిదాసునకుఁ జెల్లినది చిత్రకర్తలకుఁ జెల్లదా యని యడుగవచ్చును.

చెల్లును, కాని కాళిదాసు చేసినదంతయుఁ జేసినచోఁ జెల్లును. శాపము వెలుపలినుండి వచ్చినను దానికిఁ దలుపు తెఱచినది లోపలి ప్రమాదమే: శకుంతల పరధ్యానమున నతిథిని గమనింపలేదు. ఉంగరము దొరికిన పిదప రాజు, శాపసంగతి యెఱుఁగనివాఁడు, ఆఱవ యంకమంతయుఁ దన్నుఁ దానే నిందించుకొనును. నిర్దోషి యయ్యును శిక్ష యనుభవించును. కావున దోషము తొలఁగినను బాధ్యత తొలఁగలేదు. చిత్రమున దోషముతోపాటు బాధ్యతయుఁ దొలఁగినది. వేఱొక భేదము నున్నది. శాకుంతలమునకు అధికారి సహృదయుఁడైన ప్రౌఢుఁడు. అతఁడు శాపము వెనుక మనుష్యుని జూడఁగలఁడు. పిల్లవాఁడు తెరపైఁ జూచినదానినే నమ్మును.

మఱియొక మార్పును బరిశీలింపవలెను. తమిళచిత్రము పేరే బిడ్డను, దైవమును జంటగాఁ జెప్పును. తెలుఁగు చిత్రమునఁ బేరు మాఱినను ఆ భావము పాటలో నిలిచినది. నవలలోని కవలలు దేవతలు కారు. వారు కలహింతురు, యోచింతురు, పుస్తకమున వ్రాసికొని యొకరి యింటిసంగతి యొకరు వల్లెవేయుదురు. బిడ్డయందు దైవత్వము నారోపించుట మనదేశమున సహజము, గౌరవమే. కాని దేవునికి మ్రొక్కుదురు, వరము కోరుదురు. దేవునియెదుటఁ దన నిర్ణయమునకుఁ గారణము చెప్పుకొనువాఁ డరుదు. మనిషిగాఁ జూడఁబడిన బిడ్డకుఁ గారణము చెప్పవలెను.

విడాకులు మనదేశపు కథకుఁ దగవని చిత్రకర్తలు తలఁచియుందురని సమర్థింపవచ్చును. కాని చిత్రము వచ్చునాఁటికి హిందూవివాహచట్టము వచ్చి పదునొకండేండ్లు గడచినవి. 1955 నాఁటి యా చట్టము కోర్టుద్వారా విడాకుల నిచ్చుటయేకాక, ఆచారసిద్ధములైన విడాకులను దన 29వ సెక్షనున మన్నించినది. కులపెద్దలయెదుట విడిపోవుట, మాఱుమనువాడుట తెలుఁగుపల్లెలలోని యనేకకులముల కెఱిఁగిన సంగతులే. కావున దాఁపఁబడినది పరదేశపు విషయము కాదు.

ఇఁక మొదటి సందేహమునకు రావలెను. బొంరాస్‌పేట, కొడంగలు ప్రాంతము వానకు వేచియుండు నేల. ఇచ్చటి పల్లెలనుండియుఁ దండాలనుండియు జనులు కూలికై హైదరాబాదునకును, ముంబయికిని, పుణెకును బోవుట తరములనుండి యున్నది. పెద్దలు వలసపోయినప్పుడు బడి మానరాదని పిల్లలను ముసలివారియొద్ద విడిచిపోవుదురు. ఆ పిల్లలను సాఁకునది అమ్మమ్మయో, నాయనమ్మయో. అక్కడి యెడఁబాటునకుఁ గారణము గర్వము కాదు, అప్పు, వానలేమి. అట్టి తరగతిలోఁ గూర్చున్న బాలికకు, సంసారము విడిపోవుటకు అమ్మమ్మయే మూలమను కథ యేమి చెప్పును? తన్నుఁ గడుపునఁ బెట్టుకొని చూచుకొనుచున్న మనిషిని అనుమానింపుమని చెప్పును. తల్లిదండ్రులు తన్నేల విడిచిపోయిరో యడుగవచ్చునని మాత్రము చెప్పదు. ఆ పిల్ల మనసులో నున్న ప్రశ్న యదియే. సమాధానము లేని పిల్ల తప్పు తనదే యనుకొనును.

అందుచే లేతమనసులను బాఠశాలనుండి వెలివేయవలెనని తాత్పర్యము కాదు. అది యింపైన చిత్రము. దానిలోని పాటలు ఆఱుపదులేండ్లుగా నిలిచియున్నవి. ఇల్లరికపు దైన్యమును జక్కఁగాఁ జూపినది. పండితుఁడు రెండు కథలను నొకే గంటలోఁ జెప్పవచ్చును. కారకము చదువుకొన్న పిల్లలకు కర్త యెవరని యడుగుట క్రొత్త కాదు. విడఁదీయుట యను క్రియకు నవలలోఁ గర్త యెవరు, చిత్రమునఁ గర్త యెవరు, పిల్లలకు నిజము చెప్పినవా రెవరని యడుగవచ్చును. పిల్లలు చెప్పు సమాధానములను దిద్దక వినుట మేలు.

శిష్యుఁడు గురువు చోట యజమాని యింటికిఁ బోయినచో అగ్రాసనము లభించును. ఆసనముతోపాటు గురువు చేయవలసిన పనియు నతనిదే యగును. లేతమనసులు ఆసనము నలంకరించినది, పాటలు పాడినది, ఇంటివారిని నవ్వించి యేడిపించినది. పిల్లలకుఁ గారణము చెప్పవలసిన పని యొకటి మిగిలిపోయినది. ఇఁకముందు నీ కథను దెలుఁగునఁ జెప్పువారు కవలల ముఖములకన్న, ఇండ్లకన్న, పాటలకన్న ముందుగా నా పనిని దలఁచుకొనవలెను.